కొస వదలని మనిషి

“అన్నా, ఆ కొస వదిలినాయన పోయినాడంట. నిన్న రొద్దం పక్క వాళ్ళ ఊర్లో మన్ను చేసినారంట” అని హిందూపురం నుంచి ఒక మోటారు మెకానిక్ ఫోనులో చెప్పాడు. వేరే పనిమీద చేసిన ఫోను అది. మాటల్లో మాటగా ఈ కబురు చెప్పి, తన పని సంగతి మాట్లాడుకుని పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోయిన మనిషికి తల్లీతండ్రీ పెట్టిన పేరుంది. పెళ్ళాం ఉంది, ఊరుంది. అవేవీ కాకుండా ‘కొస వదిలినాయన’ అట. చెప్పినవాడు ఆయన్ని కళ్ళతో చూసి కూడా ఉండడు. ఎవడ్రా నీకా పేరు చెప్పింది అని తిరిగి ఫోన్ చేసి తిడదామనుకున్నాను. చేయలేదు. ఆ పేరు పెట్టినవాడిని నేనే.

తొంభైల్లో నేను బోరు మోటార్లు ఎత్తే పని చేయించేవాడిని. పెనుకొండ, హిందూపురం, మడకశిర పక్క ఏ ఊళ్ళో మోటారు కాలిపోయినా మాకు కబురొచ్చేది. బోరు మీద మూడు కాళ్ళ ఇనుప స్టాండు నిలబెట్టి, గిలక మీదుగా తాడు వేసి, పైపులు ఒక్కొక్కటిగా పైకి లాగి విప్పుకుంటూ పోతే చివరికి మోటారు బయటికొస్తుంది. లాగడానికి ఒక వించ్ ఉండేది. ఇనుప డ్రమ్ము, తిప్పడానికి హ్యాండిలు, అంతే. తాడు డ్రమ్ము చుట్టూ నాలుగు చుట్లు తిరిగి అవతలికి వస్తుంది. ఒకడు హ్యాండిలు తిప్పుతుంటే, అవతలికి వచ్చిన తాడు కొసను ఇంకొకడు బిగబట్టి లాగుతూ ఉండాలి. కొస వదులైతే చుట్లు జారతాయి. చుట్లు జారితే పైపులూ మోటారూ అన్నీ బోరు పాలే.

ఆ కొస పట్టేది ఆయన.

ఎడమకాలు ముందుకు పెట్టి మడమ నేలలో దిగేసేవాడు. తాడును నడుము వెనకనుంచి తెచ్చి పట్టుకునేవాడు. చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టుకునేవాడు కాదు. కొత్తగా వచ్చిన కూలి ఎవడైనా చుట్టుకోబోతే, “చేతికి చుట్టుకుంటే బరువుతోపాటు నువ్వూ పోతావప్పా. పిడికిట్లోనే పట్టుకో” అనేవాడు. ఎంత ఎండలోనైనా నిండు చేతుల చొక్కా, మెడదాకా గుండీలు. చుట్లు వేసేటప్పుడు కన్నడంలో లెక్క పెట్టేవాడు. ఒందు, ఎరడు, మూరు, నాల్కు. ఎందుకంటే, చిన్నప్పుడు మడకశిర పక్క బావులు తవ్వే గుంపులో నేర్చుకున్న పని అది, తెలుగులో లెక్కపెడితే చేయి తప్పుతుందట.

కొస చేతిలో ఉన్నంతసేపూ ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఒకసారి రొద్దం దగ్గర ఒక పెద్ద రైతు, తన తోటలో మేం పని చేస్తుండగా, ఆయన్ని పిలిచి బండి పక్కకు తీయమన్నాడు. ఆయన తల తిప్పలేదు. రైతు మళ్ళీ పిలిచాడు. మూడోసారికి “ఏం, చెముడా నీకు? ఎవరి తోటలో ఉండావో తెలుసునా?” అని మీదికొచ్చాడు. ఆయన చూపు డ్రమ్ము మీదే ఉంది. పైపు పైకొచ్చి, క్లాంపు బిగించి, బరువు బోరు నోటి మీద కూర్చున్నాకే తాడు కింద పెట్టి, చేతులు దులుపుకుని, “ఇప్పుడు చెప్పు సామీ, బండి యాడ పెట్టాల?” అన్నాడు. మేమంతా నవ్వాం. రైతు నవ్వలేదు. ఆ రోజు రైతు ఇంట్లో మాకు స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చింది. ఆయనకు మాత్రం ఎప్పటిలాగే చూరు కింద గోడమీద బోర్లించి ఉంచిన గ్లాసు. తనే తీసుకుని, తనే కడుక్కుని, తాగి, మళ్ళీ అక్కడే బోర్లించాడు. నేను నా కాఫీ తాగాను. ఎన్ని తోటల్లో ఎన్నిసార్లు తాగానో. ఒక్కసారి కూడా నా గొంతుకు అడ్డం పడలేదు.

ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నన్ను ‘అన్నా’ అనేవాడు. నేను ‘ఏమబ్బా’ అనేవాడిని, కోపం వస్తే ‘ఒరే’. మాది భూములున్న ఇల్లు. వాళ్ళది కూలి చేసుకుంటూ ఆదివారం చర్చికి పోయే ఇల్లు. ఆ ‘ఒరే’కి ఇంతకంటే కారణం లేదు.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో బెంగుళూరులో ఒక పాత ఇనుము అంగడిలో ఒక వించ్ చూశాను. చూడ్డానికి గుడిగంటను బోర్లించినట్టుంది. డ్రమ్ము ఒళ్ళంతా గరుకు. నెత్తిమీద రెండు పళ్ళ చక్రాలు ఒకదానికొకటి ఎదురుగా, నోరు కొంచెం తెరిచినట్టు ఉన్నాయి. విదేశీ తెరచాప పడవలోది అని అంగడాయన చెప్పాడు. తాడు నాలుగు చుట్లు తిరిగాక, కొసను చిన్న కొక్కెం మీదుగా ఆ నోట్లో పెడితే చాలు. డ్రమ్ము తిరిగేకొద్దీ ఆ పళ్ళే కొసను కొరికి పట్టి, బిగువు తగ్గకుండా లాగి, అవతలికి వదులుతుంటాయి. హ్యాండిలు తిప్పేవాడు రెండు చేతులతో తిప్పుకోవచ్చు. “సముద్రంలో అంత పెద్ద తెరచాపను ఒకడే మనిషి ఎత్తేస్తాడు సార్” అన్నాడు అంగడాయన. ‘ఒకడే’ అన్న మాట నాకు బాగా నచ్చింది.

తెచ్చి మా ఇంటి ముందు దించగానే ఆయన దాని ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. తాడు చుట్టాడు, విప్పాడు. నోట్లో కొస పెట్టాడు, తీశాడు. తన పని పోతుందని ముఖం మాడుస్తాడేమోనని నేను చూస్తున్నాను. ఆయన ముఖంలో మెచ్చుకోలు తప్ప ఏమీ లేదు.

“ఎవురు చేసినారో గానీ మహానుబావుడన్నా. ఆ పనిలో శానా ఏండ్లు నిలబడినోడే చేసింటాడు” అన్నాడు.

“ఇంకేం, నీకు విశ్రాంతి” అన్నాను.

“దీనికి పండ్లుండాయి గానీ కండ్లు లేవన్నా. తాడు జారతాంటే దీనికి తెలీదు.”

వారం తిరిగేసరికి ఆ వించ్ సంగతి నాకంటే ఆయనకే ఎక్కువ తెలిసింది. తాడు కుడివైపుకే చుట్టాలన్నాడు. నోటికి పట్టేంత లావు తాడే వాడాలి, సన్నదైతే పళ్ళకు అందదన్నాడు. బరువు దించేటప్పుడు కొసను నోట్లోంచి తీసి, అరచేయి చుట్ల మీద వెడల్పుగా ఆనించి, వేళ్ళు దూరంగా పెట్టి, కొంచెం కొంచెంగా జరపాలి. పని ఆగిన ప్రతిసారీ హ్యాండిలు ఊడదీసి కింద పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పళ్ళు పట్టుకున్నాయి కదా అని కొసను అట్లా వదిలేయకూడదు. పక్కన నేలలో ఒక గూటం దిగ్గొట్టి, పైపు పైపుకీ కొసను దానికి ఒక ముడి వేయాలి.

“కొస బరువు పిడికెడే అన్నా. ఆ పిడికెడు యాడో ఒకచోట ఉండాల” అనేవాడు.

నేను ఆయన్ని కొస నుంచి తీసేసి పైపులు మోయడానికి పెట్టాను. ఆయన పైపు మోసి, దించి, మళ్ళీ గబగబా వచ్చి కొసను గూటానికి ముడి వేసి, ఇంకో పైపుకు పోయేవాడు. ఎవరూ చెప్పని పని అది. ముడి వేయడానికీ విప్పడానికీ పైపుకు రెండు నిమిషాలు. నాకు చిరాకెత్తింది. తను లేకుండా పని జరగదని చూపించుకోవడానికి చేస్తున్నాడనుకున్నాను. ఒకరోజు అందరి ముందూ అనేశాను.

“నీ గొప్ప చూపించుకోడానికేనా ఈ ముడి?”

“నాకోసరం కాదన్నా. కింద మోటారుండాది.”

“మర ఉండాక నువ్వేటికి, గూటమేటికి?” అని ఆ గూటం పీకి కంచె అవతలికి విసిరేశాను. ఆయన దాన్ని తెచ్చుకోవడానికి పోలేదు. పైపు ఎత్తుకున్నాడు.

ఆ దసరాకు ఆయుధపూజ చేశాను. మా పక్క సంగతి తెలిసిందే. సైకిలు నుంచి లారీ దాకా ఏదీ పూజ తప్పించుకోదు. వించ్‌ను కిరోసిన్‌తో కడిగించి, తళతళలాడాలని డ్రమ్ముకూ నెత్తిమీద పళ్ళకూ శనగనూనె పట్టించి, దాని మీద విభూతి పట్టెలు, కుంకుమ బొట్లు పెట్టించాను. చామంతి దండ వేశాను. బూడిద గుమ్మడికాయ కొట్టాను. ఆయన దూరంగా నిలబడి చూస్తున్నాడు.

“అన్నా, నూనె లోపల చక్రాలకి పెట్టు. డ్రమ్ము పైన వద్దు, పండ్లకి అసలే వద్దు. ఆ గరుకుతోనే గదా అది పట్టేది” అన్నాడు.

“పూజ ఎట్ల చేయాల్నో నువ్వు చెప్తావా నాకు?” అన్నాను.

ఆ ‘నువ్వు’ను ఎట్లా అన్నానో నాకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

మర్నాడు పొద్దున్నే పెనుకొండ దగ్గర మా దూరపు చుట్టం ఒకాయన మల్బరీ తోటలో పని. నేను వెళ్ళేసరికి మా కొస పట్టే మనిషి పొయ్యిలో బూడిద, గోనెపట్ట తెచ్చుకుని వించ్ ముందు కూర్చుని ఉన్నాడు. అప్పటికింకా చేయి పెట్టలేదు. నేను కేకలు వేశాను. “పూజ చేసిందాన్ని బూడిదేసి తోముతావా? బొట్లు వాటంతటవి పోవాలి గానీ చెరిపితే పని చెడదా?” ఆయన గోనెపట్ట మడిచి పక్కన పెట్టాడు. ఆ పొద్దు ఆయన నా మాట వినకుండా ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ ఆయన మీదే కోపం వస్తుంది. చూశారా, ఇప్పుడు కూడా తప్పు ఆయన మీదికే తోస్తున్నాను.

మొదటి పైపే సగం పైకొచ్చింది. మొదటి పైపు లాగేటప్పుడే బరువంతా ఉంటుంది. నేను బోరు నోటి దగ్గర గొంతుక్కూర్చుని క్లాంపు సరిచేస్తున్నాను. నా పది వేళ్ళూ పైపుకూ, బోరు నోట్లో దింపిన కేసింగు గొట్టానికీ మధ్యన ఉన్నాయి. వించ్ దగ్గర సర్రుమని చప్పుడైంది. పళ్ళు కొసను వదిలేశాయి. నూనె పట్టిన డ్రమ్ము మీద చుట్లు గిర్రున జారిపోతున్నాయి. హ్యాండిలు తిప్పేవాడు అట్లాగే నోరు తెరిచి నిలబడిపోయాడు. పైపు అందుకోవడానికి నిలబడిన ఆయన పరుగెత్తి ఆ పరుగెత్తే కొసను రెండు చేతులతో పట్టుకున్నాడు. మడమ దిగేసుకునే వ్యవధి లేదు. తాడు ఆయన్ని వించ్ దాకా ఈడ్చుకుపోయింది. అరచేతుల మధ్యనుంచి తాడు పోతూనే ఉంది, ఆయన పిడికిలి విప్పలేదు. దాంతో బరువు ఒక్క క్షణం నెమ్మదించింది. ఆ క్షణంలో నేను చేతులు బయటికి లాక్కున్నాను. తర్వాత క్లాంపు దబ్బుమని కేసింగుకు కొట్టుకుంది. పైపు అతుకు దగ్గర తెగి, పైపులూ మోటారూ బోరులోకి పోయాయి. పడ్డ చప్పుడు కొంచెం ఆగి వినపడింది.

ఆ తోట రైతు, మా చుట్టం, పరుగెత్తుకొచ్చాడు. “ఏమైందప్పా?”

నా నోటినుంచి ఆలోచన లేకుండా వచ్చింది. “వీడు కొస వదిలేసినాడు.”

ఆయన అప్పుడు వించ్ పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. రెండు చేతులూ ముందుకు పెట్టుకుని, అరచేతులు పైకి తిప్పి, వాటినే చూసుకుంటున్నాడు. చర్మం లేదు. తాడు దారి ఎముక దాకా తెల్లగా కనిపిస్తోంది. నా మాట విని తలెత్తి నన్ను చూశాడు.

అక్కడ ఏడుగురున్నాం. కొస వదిలినవాడి చేతులు అట్లా ఉంటాయా? వదిలితే చేతులు కాలవు. చిన్నపిల్లకు చూపించినా చెబుతుంది. ఏడుగురిలో ఒక్కడు కూడా, “వదిలింటే ఆ చేతులేటికి అట్లుండాయి?” అని అడగలేదు. రైతు ఆయన మీదికి చెప్పు విసిరాడు. అది భుజానికి తగిలి కింద పడింది. మా వాళ్ళలో ఒకడు ఆ చెప్పును తీసి, మట్టి దులిపి, తిరిగి రైతు కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆయన్ని లేపినవాడు లేడు. పెనుకొండ ఆసుపత్రికి ఆయన తనే నడిచి రోడ్డు మీదికి పోయి, ఏదో ఆటో ఎక్కి పోయాడు.

ఆ బోరు మళ్ళీ పనికి రాలేదు. తోట ఆ ఏడు ఎండింది. ఎక్కడ నలుగురు మోటారు పనివాళ్ళు కలిసినా ఆ కథే చెప్పుకున్నారు. నేను రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒకసారి అన్నది చాలింది. ఆయన్ని ఏ గుంపూ పనిలోకి పిలవలేదు. వించ్‌ను నేను చిలమత్తూరు పక్క వాళ్ళకు అమ్మేశాను.

నాలుగేళ్ళ తర్వాత ఒక పెళ్ళికి చీరలు కొనడానికి ధర్మవరం పోయాను. రైల్వేస్టేషన్ దగ్గర సైకిల్ స్టాండులో స్టూలు మీద కూర్చుని ఆయన కనిపించాడు. అదే నిండు చేతుల చొక్కా. నేను పక్కకు తిరిగి పోబోయాను. ఆయనే పిలిచాడు.

“బాగుండావా అన్నా?”

“ఆ. నువ్వు?”

“ఈడ నీడుండాది. కుర్చోని ఉండేదే గదా.” టీ తెప్పించాడు. గ్లాసును రెండు మణికట్ల మధ్య పట్టుకుని తాగుతున్నాడు. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి, తెరుచుకోవు. నేను వాటి వైపు చూడకుండా రోడ్డు వైపు చూశాను.

“ఆ వించ్ ఎట్లుండాది?” అని అడిగాడు.

“అమ్మేసినా. చిలమత్తూరోళ్ళకి.”

“గూటం సంగతి చెప్పినావా వాళ్ళకి? కొసకి ముడి ఏయాలని?”

“చెప్పినా” అన్నాను.

“మంచిపని చేసినావు” అన్నాడు. నిజంగా ఊరట కలిగినట్టు తల ఊపాడు. నేను వాళ్ళకు ఏమీ చెప్పలేదు. తన చేతులు తీసుకున్న మనిషి ఎదురుగా కూర్చుంటే ఆయన నన్ను ఆ ఒక్కటే అడిగాడు, దానికీ అబద్ధమే చెప్పాను. టీ డబ్బులు కూడా ఆయన్నే ఇవ్వనిచ్చాను.

ఫోను వచ్చిన మర్నాడు ఆయన ఊరికి పోయాను. ఆయన భార్య గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. కూర్చోమని కూడా అనలేదు.

“ఆ పొద్దు ఆయన కొస వదల్లేదమ్మా. నేనే అబద్దం చెప్పినా” అన్నాను.

ఆమె చాట ఆపలేదు. “ఆ చేతులకి ఆరు నెల్లు నేను అన్నం కలిపి తినిపించినా. నాకొచ్చి చెప్తాండావా నువ్వు?”

ఆమె ఒక రాయి ఏరి గడప అవతల పారేసింది.

“ఈడ చెప్తే నీకు సులువు. మేం ఏమంటాం, ఏం చేస్తాం? యాడ అన్నావో ఆడికి పోయి చెప్పు. ఆయన పేరు మాత్రం ఎత్తొద్దు. ఆ మాటతోపాటు ఆయన పేరు కూడా ఊర్లెంబడి తిరిగేది నాకొద్దు.”

అందుకే ఇక్కడ కూడా ఆయన పేరు రాయలేదు.

అక్కడినుంచి పెనుకొండ రైతు దగ్గరికి పోయాను. ముసలివాడయ్యాడు. మంచం వేయించి, కాఫీ చెప్పి, కుశలం అడిగాడు. నేను సంగతి చెప్పాను. ఆయనకు ఆశ్చర్యం కలగలేదు.

“నాకు ఆ పొద్దే తెలుసప్పా. ఆ చేతులు చూసినా గదా.”

“తెలిసి చెప్పు విసిరినావా?”

“తోట పోయె. కోపం ఎవురి మీదనో పోవాల గదా. నువ్వు మనోడివి. నిన్నంటే రేపు పెండ్లిండ్లలో మొగాలు చూసుకోవాల్నా వద్దా? నువ్వే వాని పేరు చెప్తివి, నాకూ అనువైపాయ.”

నాకు ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది. ఇన్నేళ్ళూ నేను వీళ్ళందర్నీ మోసం చేశాననుకున్నాను. ఎవరూ మోసపోలేదు. నేనొక అబద్ధం చెబితే, అది అబద్ధమని తెలిసి, తమకూ పనికొస్తుందని తలా ఒక చేయి వేసి పట్టుకున్నారు. ఆ చెప్పును దులిపి తెచ్చిచ్చినవాడితో సహా.

“నాతో రా. మోటారు పనోళ్ళ ముందర ఆ మాట చెబుదాం, ఇద్దరమూ” అన్నాను.

“పోయినోడికి ఏమొస్తాదప్పా ఇప్పుడు? కాఫీ సల్లారుతాది, తాగు.”

తాగకుండా లేచాను. అది కూడా పెద్ద పనేం కాదు. తాగకుండా లేవాల్సిన ఇళ్ళు అంతకుముందు చాలా ఉన్నాయి.

మర్నాడు పొద్దున పెనుకొండలో మోటారు రిపేరు అంగళ్ళ వీధికి పోయాను. పనికి పిలుపు కోసం గుంపులు అక్కడే నిలబడి ఉంటాయి. మొదటి అంగడి ముందు అయిదారుగురున్నారు. “కొస వదిలినాయన అంటారే, ఆయన వదల్లేదు. నూనె పెట్టి జారిపోయేట్టు చేసింది నేను. ఆయన పట్టుకున్నందుకే నా వేళ్ళు మిగిలినాయి” అని చెప్పాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు, పాతికేళ్ళుంటాయేమో, బీడీ పారేసి అడిగాడు.

“ఆయప్ప బతికుండంగా చెప్పినావా అన్నా ఈ మాట?”

“లేదు.”

“ఒక్కసారన్నా?”

“లేదప్పా.”

“మరి మాకేటికి చెప్తాండావు ఇప్పుడు?” అని మొహం తిప్పుకున్నాడు. నన్ను ఇంకో మాట అని ఉంటే బాగుండేది. మిగిలినవాళ్ళు కూడా స్టాండు కాళ్ళు ఆటోలోకి ఎక్కించే పనిలో పడ్డారు.

పక్క అంగడి ముందు ఇంకో గుంపు ఉంది, నలుగురు మనుషులు. వాళ్ళ దగ్గరికి పోయి మొదటినుంచి చెప్పాను.